నేను ఉద్యోగంలో చేరితే ఇంటి అద్దె సాయం పోతుందా?

ప్రశ్న: మేము చాలా ఏళ్లుగా ఇంగ్లండులో ఉంటున్నాం. లండన్‌కు పడమరగా ఒక మోస్తరు ఊరు. మా ఇద్దరికీ శాశ్వత నివాస అనుమతి ఉంది. మావారు గోదాములో పనిచేస్తారు. కోతలన్నీ పోగా నెలకు 1,500 పౌండ్లు చేతికొస్తాయి. పాపకు ఏడేళ్లు, బాబుకు మూడేళ్లు. ప్రైవేటు యజమాని ఇంట్లో అద్దెకు ఉంటున్నాం, అద్దె 1,300. ప్రభుత్వం నుంచి నెలనెలా సుమారు 1,715 పౌండ్లు ఒకే మొత్తంగా వస్తుంది. దాని వివరాల్లో ఇంటి అద్దెకు 1,100 అని ఉంటుంది. దగ్గర్లోని వృద్ధాశ్రమం వంటగదిలో నాకు పని దొరికింది. వారానికి 15 గంటలు, గంటకు 12.21 పౌండ్లు, నాలుగు వారాలకోసారి జీతం. నాకు చేరాలని ఉంది. మావారేమో "నువ్వు తెచ్చేది ఏడు వందలు, పోయేది పదకొండు వందలు" అంటున్నారు. ఆయన స్నేహితుడి భార్య పనిలో చేరిన మూడో నెలకే వాళ్ల హౌసింగ్ బెనిఫిట్ ఆగిపోయిందట, పైగా తీసుకున్న డబ్బు వెనక్కి కట్టమని ఉత్తరం వచ్చిందట. మా అద్దె సాయం కూడా అలాగే పోతుందా? చేరమంటారా, వద్దంటారా?
– పేరు వద్దన్న ఒక సోదరి

సమాధానం: చేరండమ్మా. మీ అద్దె సాయం మొత్తం పోదు. కొంత తగ్గుతుంది. ఆ తగ్గేది మీ జీతంలో సగానికి కాస్త ఎక్కువే తప్ప మీ జీతాన్ని మించదు. ఇక లెక్క చూద్దాం. మీవారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

ఆయన భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మన ఊళ్లలో తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇల్లు ఆదాయ పరిమితి దాటిందంటే కార్డు మొత్తం పోతుంది. బియ్యంతో పాటు, ఆ కార్డును పట్టుకుని వచ్చే మిగతావీ పోతాయి. అందుకే ఇంట్లో ఇంకొకరికి ఉద్యోగం వస్తే సంతోషంతో పాటు గుబులూ పుడుతుంది. మీకు వస్తున్న సాయం ఆ పద్ధతిలో నడవదు. అది మెట్టు మీద నుంచి దూకినట్టు పడిపోకుండా, సంపాదన పెరిగిన కొద్దీ ఏటవాలుగా దిగుతుంది.

మీకు వచ్చేది యూనివర్సల్ క్రెడిట్. అద్దె, పిల్లలు, ఇంటి ఖర్చు అన్నీ కలిపి ఒకే మొత్తంగా నెలకోసారి పడుతోందని మీరే రాశారు కదా. హౌసింగ్ బెనిఫిట్ అన్నది కౌన్సిల్, అంటే స్థానిక ప్రభుత్వం, అద్దె కోసం ఇచ్చే పాత పథకం. పనిచేసే వయసులో ఉన్నవాళ్లకు అది కొత్తగా రావడం దాదాపు ఆగిపోయింది. పెన్షన్ వయసు దాటినవాళ్లకు, కౌన్సిల్ తాత్కాలికంగా ఇచ్చిన వసతిలో ఉంటున్నవాళ్లకు, కొన్ని రకాల ఆసరా గృహాల్లో ఉండేవాళ్లకు మాత్రం ఇంకా నడుస్తోంది. మీవారి స్నేహితుడి సంగతికి మళ్లీ వస్తాను.

ఇక్కడ ఇచ్చే అంకెలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి. ఏటా ఏప్రిల్‌లో మారతాయి కాబట్టి మీరు చదివేనాటికి కొంత అటూ ఇటూ కావచ్చు, లెక్కించే తీరు మాత్రం ఇదే. ఇరవై అయిదేళ్లు దాటిన దంపతులకు నెలకు 628 పౌండ్లు. ఇద్దరు పిల్లలకు 293 చొప్పున 586. అద్దెకు 1,100. మొత్తం 2,314. అద్దె 1,300 అయినా 1,100 మాత్రమే ఎందుకు ఇస్తున్నారంటే, ప్రైవేటు ఇళ్లకు ఒక్కో ప్రాంతానికి ఒక పరిమితి ఉంటుంది. 2024 ఏప్రిల్ నుంచి ఆ పరిమితిని కదపలేదు, అద్దెలు మాత్రం కదులుతూనే ఉన్నాయి. ఆ 200 ఇప్పటికే మీ జేబులోంచి పోతోంది.

ఈ 2,314 నుంచి మీవారి జీతానికి తగ్గట్టు కోత పెడతారు. పిల్లలున్న ఇంటికి, అద్దె సాయం కూడా తీసుకుంటుంటే, నెలకు మొదటి 411 పౌండ్ల సంపాదనను ముట్టుకోరు. ఆపైన ప్రతి పౌండుకు 55 పెన్నీలు తగ్గిస్తారు. ఆయన 1,500లో 411 తీసేస్తే 1,089. అందులో 55 శాతం 599. 2,314లోంచి 599 పోతే 1,715. మీ ఖాతాలో పడుతున్నది సరిగ్గా అదే.

ఇప్పుడు మీ జీతం. వారానికి 15 గంటలు, గంటకు 12.21 చొప్పున నాలుగు వారాలకు 733 పౌండ్లు. ఇంత తక్కువ మీద పన్ను పడదు, నేషనల్ ఇన్సూరెన్సూ కట్టనక్కర్లేదు. ఆ 411 మినహాయింపు ఇంటికంతటికీ ఒక్కటే, దాన్ని మీవారు ముందే వాడేశారు. అందువల్ల మీ 733 మీద మొదటి పౌండు నుంచే 55 పెన్నీల కోత పడుతుంది, అంటే 403 పౌండ్లు. యూనివర్సల్ క్రెడిట్ 1,312కు దిగుతుంది. ఇంటికి వచ్చేది ఇదివరకు 1,500, 1,715 కలిపి 3,215. ఇకమీదట 1,500, 733, 1,312 కలిపి 3,545. నికరంగా 330 పౌండ్లు ఎక్కువ. పోయేది పదకొండు వందలన్న మాట మీవారు ఏ లెక్కలో అన్నారో గానీ, ఈ లెక్కలో అది ఎక్కడా లేదు.

అరవై గంటలు పనిచేస్తే మిగిలేది 330 పౌండ్లేనా అని మీకు అనిపించవచ్చు. గంటకు ఐదున్నర పౌండ్లు పడుతుంది. బస్సు చార్జీలు కూడా తీసేస్తే ఇంకా తగ్గుతుంది. ఇది గొప్ప బేరమని నేను అనను. ఈ కోత 2021 చివరి వరకు పౌండుకు 63 పెన్నీలు ఉండేది, తగ్గించి 55 చేశారు. ఇప్పటికీ ఎక్కువేనని నా అభిప్రాయం. పెద్ద జీతగాళ్ల ఆదాయపు పన్ను కూడా ఇంత శాతం ఉండదు.

కానీ మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ 15 అనే అంకె. ఉద్యోగంలో చేరే ముందు వంటగది మేనేజరును ఒక్క మాట అడగండి, 15 బదులు 16 గంటలు ఇవ్వగలరా అని. కారణం బాబు. ఇంగ్లండులో మూడేళ్ల పిల్లలందరికీ వారానికి 15 గంటలు నర్సరీ ఉచితం. తల్లిదండ్రులిద్దరూ పనిచేస్తుంటే, బడి నడిచే వారాల్లో అది 30 గంటలు అవుతుంది. కాకపోతే ఇద్దరిలో ఒక్కొక్కరి సంపాదనా వారానికి కనీస వేతనం మీద 16 గంటలకు సరిపడా ఉండాలి. అంటే వారానికి సగటున 195 పౌండ్లు, మూడు నెలలకు 2,539. మీ 15 గంటలకు వచ్చేది 183. పన్నెండు పౌండ్ల తేడాతో మీరు గడప బయట నిలబడతారు. పదహారో గంట చేరిందంటే 195 దాటతారు. జీతపు లెక్కలో చూస్తే ఆ గంట విలువ పెద్దదేమీ కాదు. నాలుగు వారాలకు మరో 49 పౌండ్లు వస్తాయి, అందులో 15 పెన్షన్‌కు పోతుంది, ఎందుకంటే జీతం ఆ స్థాయికి చేరగానే యజమాని మిమ్మల్ని పెన్షన్ పథకంలో చేర్చాలి, తన వాటా కూడా వేయాలి. మిగిలిన దానిలో యూనివర్సల్ క్రెడిట్ కోత పోగా చేతిలో పడేది 15 పౌండ్లు. నర్సరీలో దొరికే అదనపు 15 గంటల ముందు ఇది లెక్కలోకే రాదు.

ఆ 30 గంటలకు దరఖాస్తు చేసేటప్పుడు ఒక జాగ్రత్త. అదే దరఖాస్తులో టాక్స్‌ఫ్రీ చైల్డ్‌కేర్ అనే ఇంకో పథకం, పిల్లల సంరక్షణ ఖర్చులో కొంత ప్రభుత్వం కలిపేది, కూడా కనిపిస్తుంది. ప్రభుత్వమే ఇస్తోంది కదా, పడి ఉంటుందిలే అని దానికీ సరే అనకండి. ఆ పథకమూ యూనివర్సల్ క్రెడిట్టూ ఒక ఇంట్లో కలిసి ఉండవు. అటు చేరితే ఇటు ఆగిపోతుంది, అద్దె సాయంతో సహా. మీవారు భయపడుతున్న ప్రమాదం నిజంగా ఉన్న చోటు ఇదే, అది మీ ఉద్యోగం వల్ల వచ్చేది కాదు. మీరు 30 గంటల కోడ్, అంటే నర్సరీలో ఇవ్వాల్సిన నంబరు, ఒక్కటే తీసుకోండి. పిల్లవాడికి వయసు వచ్చి, కోడ్ చేతికొచ్చినా ఉచిత గంటలు ఆ మరుసటి టర్మ్ నుంచే మొదలవుతాయి. అందుకు కోడ్ తీసుకోవాల్సిన గడువులు ఆగస్టు 31, డిసెంబరు 31, మార్చి 31. మూడు నెలలకోసారి వివరాలు మళ్లీ ధ్రువీకరించాలి. మర్చిపోయారంటే కోడ్ చెల్లదు.

టర్మ్ మధ్యలో పనిలో చేరితే అప్పటిదాకా నర్సరీకి డబ్బు కట్టాలి కదా? అక్కడ యూనివర్సల్ క్రెడిట్టే ఆదుకుంటుంది. ఇద్దరూ పనిచేస్తున్నారు కాబట్టి నర్సరీ ఖర్చులో 85 శాతం వరకు తిరిగి ఇస్తారు. ఒక బిడ్డకు నెలకు 1,031 పౌండ్లు, ఇద్దరికి 1,768 దాకా పరిమితి. దీనికి 16 గంటల షరతు లేదు. అయితే ప్రభుత్వం వద్ద నమోదైన నర్సరీయో, తన ఇంట్లో పిల్లల్ని చూసుకునే నమోదైన చైల్డ్‌మైండరో అయి ఉండాలి. పక్కింటి పిన్నిగారికి నెలకు ఇంత అని చేతిలో పెడితే అది ఎక్కడా లెక్కకు రాదు. పాపను బడి తర్వాత క్లబ్బులో ఉంచినా, ఆ క్లబ్బు నమోదైనదైతే ఆ ఖర్చూ చూపించవచ్చు. మొదటి నెల నర్సరీ వాళ్లు ముందే కట్టమంటే చేతిలో డబ్బు లేదని వెనక్కి తగ్గకండి. జాబ్‌సెంటర్‌లో మీ వర్క్ కోచ్‌ను, అంటే మీ యూనివర్సల్ క్రెడిట్ వ్యవహారం చూసే ఉద్యోగిని, అడగండి. పనిలో కొత్తగా చేరేవాళ్లకు ఆ మొదటి బిల్లు ముందుగా ఇచ్చే ఏర్పాటు ఉంది. అడగనివాళ్లకు వాళ్లంతట వాళ్లు చెప్పడం నేను పెద్దగా వినలేదు.

మన కుటుంబాల్లో చాలామంది ఊరి నుంచి అమ్మను, అత్తగారిని పిలిపించుకుని ఈ సమస్య దాటేస్తారు. సంతోషమే. కానీ విజిట్ వీసా మీద ఒక్కసారికి ఉండగలిగేది ఆరు నెలలు. ఆరు నెలల ఉద్యోగం కోసం కాదు కదా మీరు చేరుతున్నది.

ఇక నాలుగు వారాల జీతం గురించి. యూనివర్సల్ క్రెడిట్ క్యాలెండరు నెల ప్రకారం నడుస్తుంది. మీకు ఏ తేదీన మొదలైందో ఆ తేదీ నుంచి నెల లెక్క. ఉదాహరణకు 12 నుంచి 11 దాకా ఒక నెల. ఆ కాలంలో మీకు ఎంత జీతం వచ్చిందో పన్నుల శాఖ దానంతటదే వాళ్లకు పంపుతుంది. నాలుగు వారాలకోసారి జీతమంటే ఏడాదికి 13 జీతాలు. కాబట్టి ఏడాదిలో ఒక నెలలో రెండు జీతాలు పడతాయి. ఆ నెల మీ సంపాదన 1,466గా కనబడుతుంది, 806 పౌండ్లు కోస్తారు, యూనివర్సల్ క్రెడిట్ 909 పౌండ్లే వస్తుంది. అద్దె 1,300. మొదటిసారి అది చూసినవాళ్లకు కాళ్లూ చేతులూ ఆడవు, ఏదో తప్పు జరిగిందనుకుంటారు. తప్పేమీ జరగదు, మరుసటి నెల మళ్లీ మామూలుకు వస్తుంది. కానీ ఇంటి యజమానికి ఈ వివరణ అక్కర్లేదు, ఆయనకు అద్దె కావాలి. అందువల్ల జీతం తేదీలు తెలియగానే గోడ క్యాలెండరు మీద రాసుకుని, ఏ నెలలో రెండు పడతాయో గుర్తు పెట్టుకోండి. ఆ రెండో జీతాన్ని వచ్చిన రోజే అద్దె కోసం పక్కన పెట్టేయండి.

నెల జీతం తీసుకునేవాళ్లకు ఇలాంటి చిక్కే, సెలవు రోజు వచ్చి జీతం రెండు రోజులు ముందుకు జరిగితే వచ్చేది. 2020లో నలుగురు ఒంటరి తల్లులు అప్పీలు కోర్టుదాకా వెళ్లి గెలిచాక వాళ్లకు సర్దుబాటు దొరికింది. నాలుగు వారాల జీతగాళ్లకు అది వర్తించదు. వంటగది వాళ్లు నెల జీతం ఇస్తామంటే అదే తీసుకోండి, తలనొప్పి తగ్గుతుంది.

మొదటి నెల ఇంకో మాయ ఉంటుంది. కోత వెనుక నెల సంపాదనను బట్టి పడుతుంది. కాబట్టి మొదటి జీతం వచ్చిన నెలలో యూనివర్సల్ క్రెడిట్ కూడా పాత మొత్తమే పడవచ్చు. చేతిలో డబ్బు పుష్కలంగా కనిపిస్తుంది. ఆ నెల కొత్త సోఫా గురించి ఆలోచించకండి.

ఇప్పుడు మీవారి స్నేహితుడి సంగతి. ఆ ఇంటి కాగితాలు నేను చూడలేదు. అయితే హౌసింగ్ బెనిఫిట్ అని ఆయన అన్నమాట నిజమైతే, వాళ్లు బహుశా కౌన్సిల్ ఇచ్చిన తాత్కాలిక వసతిలో ఉండి ఉండవచ్చు. అలాంటి ఇళ్లలో అద్దెకు హౌసింగ్ బెనిఫిట్, మిగతా ఖర్చులకు యూనివర్సల్ క్రెడిట్ వేర్వేరుగా వస్తాయి. యూనివర్సల్ క్రెడిట్ ఒక్క పౌండు వస్తున్నా సరే, హౌసింగ్ బెనిఫిట్ పూర్తిగా ఇస్తారు. భార్య సంపాదన కలిసి యూనివర్సల్ క్రెడిట్ సున్నా అయిన నెల నుంచి మాత్రం కౌన్సిల్ తన పాత లెక్క తీస్తుంది. దంపతులకు వారానికి మొదటి 10 పౌండ్ల సంపాదన, కొన్ని చోట్ల ఇంకో 17 చిల్లర వదిలేసి, పిల్లల సంరక్షణకు కొంత మినహాయించి, నిర్ణీత మొత్తానికి పైబడిన ఆదాయంలో పౌండుకు 65 పెన్నీలు కోస్తారు. తాత్కాలిక వసతి అద్దెలు ఎలాగూ భారీగా ఉంటాయి. అందువల్ల అక్కడ ఉన్నట్టుండి పెద్ద గొయ్యి ఎదురవుతుంది. అది ఆ పథకాల అమరికలోని లోపమే, భార్య పనిచేయడంలోని లోపం కాదు. మీరు ఆ స్థితిలో లేరు.

వెనక్కి కట్టమన్న ఉత్తరానికి మాత్రం వేరే కారణం ఉంటుంది. పనిలో చేరిన సంగతి కౌన్సిల్‌కు సమయానికి చెప్పలేదేమో. హౌసింగ్ బెనిఫిట్ తీసుకునేవాళ్లు మార్పు జరిగిన నెల రోజుల్లోపు కౌన్సిల్‌కు తెలియజేయాలి. యూనివర్సల్ క్రెడిట్ వాళ్లకు చెప్పాం కదా అని ఊరుకుంటే సరిపోదు, ఇద్దరికీ విడివిడిగా చెప్పాలి. ఆలస్యమైతే ఎక్కువ తీసుకున్నదంతా తిరిగి రాబడతారు, నిర్లక్ష్యమని తేలితే 50 పౌండ్ల జరిమానా కూడా వేయవచ్చు. మీరైతే చేరిన రోజునే మీ ఆన్‌లైన్ ఖాతాలో ఉద్యోగం వివరాలు నమోదు చేయండి. ఆ ఖాతాలోనే సందేశాలు రాసే జర్నల్‌లో కూడా ఒక వాక్యం రాసి పెట్టండి. ఫోనులో మాట్లాడినదానికి రేపు ఆధారం ఉండదు, జర్నల్‌లో రాసింది నిలుస్తుంది.

ఇంటి మీద స్థానికంగా కట్టే పన్ను కౌన్సిల్ టాక్స్‌లో మీకు తగ్గింపు వస్తోందా? మీరు రాయలేదు. వస్తుంటే దానికి వేరే లెక్క, 2013 నుంచి ఒక్కో కౌన్సిల్‌కు ఒక్కో పద్ధతి. మీ జీతం వల్ల అందులో కొంత తగ్గవచ్చు. నేను చెప్పిన 330లో అది కలపలేదు. కౌన్సిల్‌కు ఫోన్ చేసి, నెల సంపాదన ఇంత అయితే తగ్గింపు ఎంత ఉంటుందని అడిగి చూడండి. పాప బడి భోజనం మీద మీ ఉద్యోగం ప్రభావం ఉండదు. ఇంగ్లండులో ఇంటి నికర సంపాదన ఏడాదికి 7,400 దాటితే ఉచిత భోజనం లేదన్న నియమాన్ని మీవారి జీతమే దాటేసింది. 2026 సెప్టెంబరు నుంచి యూనివర్సల్ క్రెడిట్ వచ్చే ఇళ్లలోని పిల్లలందరికీ ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది.

ఈ సమాధానం మీ ఒక్కరికే కాక, చదివే మిగతా తెలుగువాళ్లకు ఒక హెచ్చరిక. ఇదంతా శాశ్వత నివాసమో, పౌరసత్వమో ఉన్నవాళ్ల సంగతి. స్కిల్డ్ వర్కర్ వీసా మీదో, చదువు వీసా మీదో, వాళ్ల డిపెండెంటుగానో ఉన్నవాళ్లకు ప్రభుత్వ నిధుల నుంచి సాయం తీసుకోవద్దన్న షరతు సాధారణంగా వీసాలోనే ఉంటుంది. వాళ్లు పొరపాటున దరఖాస్తు చేసినా తర్వాత వీసా పొడిగింపులో చిక్కు రావచ్చు. భర్తకు పౌరసత్వం ఉండి, భార్య ఊరి నుంచి స్పౌస్ వీసా మీద కొత్తగా వచ్చిన ఇళ్లు కూడా చాలా ఉన్నాయి. అక్కడ భర్త ఒక్కడే ఒంటరి మనిషి రేటున యూనివర్సల్ క్రెడిట్ తీసుకోవాలి, నెలకు 628 బదులు 400. భార్యకు అందులో వాటా ఉండదు. ఆమె పనిచేస్తే ఆ సంపాదనను మాత్రం లెక్కలో కలుపుతారు. అన్యాయంగా ఉంది కదా? ఉంది. కానీ నియమం అదే. అలాంటి ఇంటివాళ్లు దరఖాస్తుకు ముందే ఉచితంగా సలహా ఇచ్చే సిటిజన్స్ అడ్వైస్ సంస్థలోనో, వలస చట్టం తెలిసిన సలహాదారు వద్దనో కనుక్కోవాలి.

మీ విషయానికి తిరిగి వస్తే, సంతకం పెట్టే ముందు వర్క్ కోచ్‌ను ఒక కాగితం అడగండి. పనిలో చేరితే ఎంత వస్తుంది, చేరకపోతే ఎంత అని రెండూ పక్కపక్కన పెట్టి లెక్క వేసి ఇస్తారు. ఇంగ్లీషులో అంత ధారాళంగా అడగలేనంటే, తెలుగు దుబాసీ కావాలని చెప్పండి. అందుకు డబ్బు తీసుకోరు. 15 గంటలకు ఒకటి, 16 గంటలకు ఒకటి వేయించండి. నేను వేసిన లెక్కతో పోల్చి చూసుకోండి, పాత కౌన్సిల్ టాక్స్ బిల్లు కూడా పక్కన పెట్టుకోండి. ఆ కాగితం మీవారి ముందు పెట్టండి. వాళ్లు చూపే అంకె నా అంకెకు దూరంగా ఉంటే, ఆ కాగితం ఫొటో జతచేసి నాకు మళ్లీ రాయండి. పేర్లూ నంబర్లూ మాత్రం కొట్టేయండి.